ఇంగ్లండు పొలాల్లో ఉంగరాలు

మెటల్ డిటెక్టర్ పుట్టడానికి చాలా ముందు నుంచే ఇంగ్లండు నేల పాత ఉంగరాలను అప్పుడప్పుడూ బయటపెడుతూ వచ్చింది. 1780లో విల్ట్‌షైర్‌లోని లేవర్‌స్టాక్ దగ్గర బండి చక్రాల గాడిలో ఒక బంగారు ఉంగరం దొరికింది. దాని మీద 9వ శతాబ్దంలో వెసెక్స్‌ను ఏలిన ఏథెల్‌వుల్ఫ్ రాజు పేరు ఉంది. 1870లో యార్క్‌షైర్‌లోని అబర్‌ఫోర్డ్ దగ్గర నాగలికి తగిలి మరో బంగారు ఉంగరం పైకి వచ్చింది. దాని లోపలివైపు ఆ రాజు కూతురు, మెర్సియా రాణి ఏథెల్‌స్విత్ పేరు గీసి ఉంది. దొరికిన మనిషి దాని విలువ తెలియక కుక్క మెడపట్టీకి తగిలించాడని చెబుతారు. తండ్రి పేరున్నదీ కూతురు పేరున్నదీ రెండూ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రాజు, రాణి వాటిని స్వయంగా తొడుక్కున్నారనడం కంటే తమ కొలువువారికి కానుకగా ఇచ్చి ఉంటారనడమే పండితులకు సబబుగా తోచింది.

1785లో హాంప్‌షైర్‌లో, రోమన్ల నాటి పట్టణమైన సిల్చెస్టర్ దగ్గరి పొలంలో దొరికిన బరువైన బంగారు ఉంగరం కథ ఇంకా చిత్రమైనది. దాని మీద సెనిసియానస్ అనే పేరు ఉంది. కొన్నాళ్లకు గ్లాస్టర్‌షైర్‌లోని లిడ్నీలో, నోడెన్స్ అనే దేవుడి గుడి శిథిలాల్లో ఒక సీసపు రేకు బయటపడింది. సిల్వియానస్ అనే భక్తుడు తన ఉంగరం పోయిందని దేవుడికి మొర పెట్టుకుని రాయించిన రేకు అది. దొరికితే విలువలో సగం గుడికి ఇస్తానని మొక్కుకున్నాడు. ఉంగరం గుడికి తిరిగి చేరేదాకా సెనిసియానస్ అనే పేరున్న వాడెవడికీ ఆరోగ్యం లేకుండా చేయమనీ కోరాడు. రేకు మీది సెనిసియానస్, ఉంగరం మీది సెనిసియానస్ ఒకడేనని రుజువేమీ లేదు. అయినా ఉంగరం ఒంటరిగా ఎంత తక్కువ చెబుతుందో, దానికి మరో ఆనవాలు తోడైతే ఎంత ఎక్కువ చెబుతుందో ఈ జంటను చూస్తే తెలుస్తుంది. డిటెక్టర్ల కాలంలో చెలరేగిన గొడవంతా నిజానికి ఈ సంగతి గురించే.

ఉంగరాలు పొలాలకు చేరడానికి కారణాలు చాలానే ఉన్నాయి. చలికి వేళ్లు సన్నబడతాయి. తిండి కరువైనప్పుడు మనిషి చిక్కిపోతాడు. చేత్తో విత్తనం చల్లేటప్పుడు వదులైన ఉంగరం గింజలతో పాటే జారిపోతుంది. వీటన్నిటికంటే పెద్ద కారణం ఎరువు. మధ్యయుగాల నుంచి 19వ శతాబ్దం దాకా పట్టణాల పెంట, చెత్త, మరుగుదొడ్ల మలం బండ్లకెత్తి చుట్టుపక్కల పొలాలకు తోలేవారు. ఇళ్లలో పోయిన గుండీలు, నాణేలు, ఉంగరాలు ఆ పెంటలో కలిసి పొలం చేరాయి. అందువల్ల పట్టణం పొలిమేరలో దొరికిన ఉంగరం ఆ పొలంలో చెమటోడ్చిన వాళ్లదే కావాలని లేదు. ఏ వీధిలోని వర్తకుడి భార్యదో అయి ఉండవచ్చు. మరికొన్ని ఉంగరాలు పోయినవి కావు, దాచినవి. రోమన్ పాలన సడలిన 5వ శతాబ్దం, వైకింగులు దండెత్తిన 9వ శతాబ్దం, రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరిగిన 17వ శతాబ్దం అలా దాచుకోవలసిన రోజులే. దాచినవాడు తిరిగి రాకపోతే మూట అక్కడే ఉండిపోతుంది.

ఇక యంత్రం సంగతి. నేలలోని లోహాన్ని విద్యుత్తుతో పసిగట్టవచ్చన్న ఆలోచన వైద్యానికి సంబంధించిన ఒక ప్రయత్నంతో ప్రసిద్ధికెక్కింది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు ఆయన ఒంట్లో చిక్కుకున్న తూటాను వెతకడానికి టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక పరికరం తెచ్చాడు. తూటా దొరకలేదు, అధ్యక్షుడు బతకలేదు. 1930లలో కాలిఫోర్నియాలో గెర్హార్డ్ ఫిషర్ చేతపట్టి తిప్పగలిగే డిటెక్టరుకు పేటెంటు తీసుకుని అమ్మకం మొదలుపెట్టాడు. దానికి అసలు ఊపు తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధం. స్కాట్లండులో ఉన్న పోలండు సైన్యాధికారి యూజెఫ్ కొసాట్‌స్కి 1941లో మందుపాతరలను పట్టే తేలికపాటి పరికరం రూపొందించాడు. మరుసటి ఏడు ఎల్ అలమైన్ యుద్ధంలో బ్రిటిష్ సేనలు దాన్ని వాడాయి. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సైనిక పరికరాలు చౌకగా బజారుకొచ్చాయి. 1960లలో ట్రాన్సిస్టర్లు రావడంతో బరువూ ధరా తగ్గి, 1970లకల్లా బ్రిటన్‌లో అది శనాదివారాల సరదా అయింది.

పనిచేసే తీరు చెప్పడానికి సులువైనదే. కర్ర చివర ఉన్న రాగి తీగ చుట్టలో ఏకాంతర విద్యుత్తు పారితే అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. అది తగిలిన లోహంలో సుడులు తిరిగే చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. ఆ ప్రవాహాల వల్ల కలిగే మార్పును యంత్రం తిరిగి అందుకుని చెవికి శబ్దంగా, తెర మీద అంకెగా చూపిస్తుంది. ఉంగరమంత వస్తువైతే మామూలుగా జానెడు లోతు దాకా పట్టుబడుతుంది, అంతకంటే కిందకు పోతే కష్టం. వెండి మంచి వాహకం కాబట్టి స్పష్టంగా, హెచ్చు స్థాయిలో పలుకుతుంది. చిక్కంతా బంగారంతోనే. సన్నని బంగారు ఉంగరం చేసే శబ్దం కూల్‌డ్రింక్ డబ్బా మూతకుండే అల్యూమినియం రింగు శబ్దానికీ, సిగరెట్ పెట్టెలోని వెండికాగితం శబ్దానికీ దాదాపు సమానంగా ఉంటుంది. చెత్తకు విసిగి ఆ శబ్దాలను వినపడకుండా చేసుకున్నవాడు బంగారాన్ని కూడా వదులుకున్నట్టే. ఉంగరం ఒకచోట తెగి ఉంటే మరీ ఇబ్బంది. ప్రవాహం గుండ్రంగా తిరగడానికి దారి ఉండదు కనుక గ్రాముల బంగారం కూడా గుసగుసలాంటి శబ్దమే చేస్తుంది. పైకి తీశాక మాత్రం బంగారాన్ని పోల్చుకోవడానికి అనుభవం అక్కర్లేదు. రాగి నాణెం పచ్చగా చిలుమెక్కి, వెండి నల్లబడో ఊదారంగు పొర కట్టో వస్తాయి. మేలిమి బంగారం పదిహేను వందల ఏళ్లు మట్టిలో ఉన్నా నిన్న మెరుగు పెట్టినట్టే ఉంటుంది.

ఈ సరదా ఎంత నష్టం చేయగలదో 1979 నవంబరులో తెలిసింది. నార్ఫోక్‌లోని థెట్‌ఫర్డ్ ఊరి చివర గాలోస్ హిల్ మీద భవన నిర్మాణానికి నేల చదును చేస్తుండగా, అనుమతి లేకుండా డిటెక్టరుతో వచ్చిన ఒకరికి రోమన్ కాలపు చివరి రోజుల నిధి దొరికింది. 22 బంగారు ఉంగరాలు, 33 వెండి చెంచాలు, హారాలు, గాజులు, ఒక బంగారు నడికట్టు బిళ్ల ఉన్నాయి అందులో. పొద్దుపోతుండగా హడావిడిగా తవ్వి తీసి, ఎవరికీ చెప్పకుండా అమ్మే ప్రయత్నాలు చేశారు. నెలల తరువాత అధికారులకు సంగతి తెలిసేసరికి ఆ చోట కట్టడం లేచిపోయింది. దొరికిన చోటును పరిశీలించే అవకాశం పురావస్తువేత్తలకు మరి రాలేదు.

నష్టమేమిటన్నది ఆ ఉంగరాలను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. వాటిలో చాలావాటి మీద వాడకం వల్ల వచ్చే అరుగుదల లేదు. ఒకే పనివాడి దగ్గర తయారైనట్టు పోలికలున్నాయి. ఒక ఉంగరంలో చిన్న పాత్ర ఆకారంలో చేసిన గూటికి అటూ ఇటూ రెండు వడ్రంగి పిట్టలు నిలబడి ఉంటాయి. చెంచాల మీద రోమన్ల అడవి దేవుడు ఫానస్ పేరు ఉంది. పురాణం ప్రకారం ఆయన తండ్రి పికస్ వడ్రంగి పిట్టగా మారినవాడు. మరి ఇవి ఫానస్ భక్తుల గుడి సొత్తా, లేక అమ్మకానికి సిద్ధం చేసుకున్న కంసాలి సరుకా? ఒకే గుంటలో ఒకే పెట్టెలో పెట్టారా, వేర్వేరుగా పాతారా, తోడు నాణేలున్నాయా అన్నవి తెలిస్తే జవాబు దొరికేది. అవన్నీ ఆ సాయంత్రమే చెరిగిపోయాయి.

అప్పటి చట్టం కూడా ఇలాంటి చోట పెద్దగా పనికొచ్చేది కాదు. మధ్యయుగాల నుంచి వచ్చిన నియమం ప్రకారం, తిరిగి తీసుకోవాలన్న ఉద్దేశంతో దాచిన బంగారం, వెండి మాత్రమే రాజుకు చెందుతాయి. పోగొట్టుకున్నవి, శవంతో పాతిపెట్టినవి చెందవు. ఏది ఏదో తేల్చే అధికారి కరోనర్. 1194 నుంచి ఉన్న ఈ పదవిలోని వారి ముఖ్యమైన పని అనుమానాస్పద మరణాలపై విచారణ జరపడం. 1939లో సట్టన్ హూ ఓడ సమాధిలోని బంగారమంతా తిరిగి తీసుకునే ఉద్దేశంతో పాతింది కాదని విచారణలో తేలి, భూమి యజమానురాలు ఈడిత్ ప్రెట్టీకి దక్కింది. ఆమె దాన్ని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేసింది గనుక కథ సుఖాంతమైంది. అందరూ ఆమెలా ఉండరు. ఒంటరిగా దొరికే ఉంగరం దాదాపు ఎప్పుడూ పోగొట్టుకున్నదే అవుతుంది కాబట్టి ఈ నియమం కింద చట్టానికి దానితో పనే లేదు. 1985లో యార్క్‌షైర్‌లోని మిడిల్‌హామ్ కోట దగ్గర డిటెక్టరుతో దొరికిన నీలం పొదిగిన బంగారు పతకం ఇలాగే వేలానికి వెళ్లి 13 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. విదేశాలకు పోకుండా ఆపి యార్క్‌షైర్ మ్యూజియం దాన్ని దక్కించుకోవడానికి 25 లక్షల పౌండ్లు పోగుచేయవలసి వచ్చింది.

1980లో పురావస్తువేత్తలు డిటెక్టర్ల వాడకానికి వ్యతిరేకంగా ఉద్యమం లేవదీశారు. డిటెక్టరు పట్టినవాళ్లు దాన్ని అవమానంగా తీసుకున్నారు. చదువుకున్నవాళ్లు తమను దొంగలంటున్నారని వీళ్లు, చరిత్రను తవ్వి అమ్ముకుంటున్నారని వాళ్లు. 1980ల మధ్యలో సర్రేలోని వాన్‌బరో దగ్గర ఒక రోమన్ గుడి స్థలాన్ని రాత్రిళ్లు గుంపులుగా వచ్చి కుళ్లబొడిచి వేలకొద్దీ నాణేలు ఎత్తుకుపోయారు. కేసులు పెడితే, దాచినవాడి ఉద్దేశం ఏమిటో రుజువు చేయాలన్న పాత నియమమే అడ్డొచ్చింది. పదహారు వందల ఏళ్ల కిందట చనిపోయినవాడి మనసులో మాట కోర్టులో నిరూపించడం ఎవరి తరం?

మరో దారి ఉందని చూపింది సఫోక్‌లోని హోక్స్‌న్. 1992 నవంబరు 16న ఒక రైతు పొలంలో పోగొట్టుకున్న సుత్తిని వెతకడానికి ఎరిక్ లాస్ అనే రిటైరైన స్నేహితుడు డిటెక్టరు తీసుకుని వెళ్లాడు. తగిలింది వెండి చెంచాలు, బంగారు నగలు, నాణేలు. కొంత తీసి, ఇంకా ఉందని అర్థం కాగానే చేయి ఆపేసి కబురు పెట్టించాడు. మరుసటి రోజే పురావస్తువేత్తలు వచ్చి పద్ధతిగా తవ్వారు. దాదాపు 15,000 నాణేలు, 29 బంగారు నగలు కొయ్యపెట్టెలో ఏ వరుసలో సర్ది ఉన్నాయో, ఏ చెంచాలను గుడ్డలో చుట్టారో, ఏ మూల గడ్డి కుక్కారో కూడా తెలిసింది. నగల్లో మూడు ఉంగరాలున్నాయి. మూడింటిలోనూ రాళ్లు పొదిగిన గూళ్లు ఖాళీ. పాతిపెట్టకముందే వాటిని ఊడదీశారు. థెట్‌ఫర్డ్‌లోనైతే రాళ్లు దొంగ చేతిలో పోయాయా, మట్టిలో పడిపోయాయా అన్న అనుమానం ఎప్పటికీ మిగిలేది. లాస్‌కు 17.5 లక్షల పౌండ్ల బహుమానం ప్రకటించారు. దాన్ని రైతుతో పంచుకున్నాడు. రైతు సుత్తి కూడా దొరికింది, నిధితో పాటే బ్రిటిష్ మ్యూజియానికి చేరింది.

1996లో పార్లమెంటు చేసిన ట్రెజర్ యాక్ట్ 1997 సెప్టెంబరు 24 నుంచి ఇంగ్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండులలో అమలైంది. దాచారా పోగొట్టుకున్నారా అన్న ప్రశ్నను అది పక్కన పెట్టింది. 300 ఏళ్లు దాటి, బరువులో కనీసం పది శాతం బంగారమో వెండో ఉన్న వస్తువు, నాణెం కాకపోతే, ఒక్కటే దొరికినా నిధే. దొరికినవాడు 14 రోజుల్లో కరోనర్‌కు తెలపాలి. దాస్తే మూడు నెలల దాకా జైలు. మ్యూజియం కొనదలిస్తే స్వతంత్ర కమిటీ మార్కెట్ ధర కడుతుంది. ఆ సొమ్మును మామూలుగా దొరికినవాడూ భూయజమానీ చెరిసగం పంచుకుంటారు. దీంతో పాటే నిధి కాని వస్తువులను స్వచ్ఛందంగా నమోదు చేయించుకునే పథకం మొదలై, 2003కల్లా ఇంగ్లండు, వేల్స్ అంతటా విస్తరించింది. జిల్లాల్లో నియమించిన అధికారులు డిటెక్టరిస్టుల క్లబ్బులకే వెళ్లి, తెచ్చిన వస్తువును తూచి, కొలిచి, ఫొటో తీసి, దొరికిన చోటును పటం మీద గుర్తిస్తారు. ఇలా నమోదైనవి 15 లక్షలు దాటాయి. పాత చట్టం కింద ఏడాదికి సుమారు పాతిక నిధులు తేలేవి; ఇప్పుడు వెయ్యికి పైగా తేలుతున్నాయి. వాటిలో అత్యధిక భాగం డిటెక్టర్లవే. ఉంగరాల విషయంలో ఈ చట్టం చేసినంత మేలు మరేదీ చేయలేదు.

నమోదైన ఉంగరాల్లో తరచుగా కనిపించే ఒక రకం 'పోజీ' ఉంగరం. 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా ఇంగ్లండులో ప్రేమికులు, వధూవరులు ఇచ్చిపుచ్చుకున్న, చిన్న ప్రేమ వాక్యం చెక్కిన సాదా పట్టీ ఇది. మొదట్లో అక్షరాలు పైవైపే, తరచుగా ఫ్రెంచిలో, మందపాటి గోతిక్ లిపిలో ఉండేవి; పదానికీ పదానికీ మధ్య చిన్న కొమ్మ, పువ్వు. 16వ శతాబ్దం నుంచి ఇంగ్లీషు మాట వచ్చింది, రాత ఉంగరం లోపలికి వెళ్లింది. తొడుక్కున్నవాళ్ల చర్మానికి తప్ప ఇంకెవరికీ కనపడదు. హామ్లెట్‌లో, వెనిస్ వర్తకుడిలో షేక్స్పియర్ ఈ ఉంగరాలను ప్రస్తావించాడంటే అప్పటికి అవి ఎంత మామూలో ఊహించవచ్చు. అందరికీ సొంత కవిత్వం రాదు కనుక ఇలాంటి వాక్యాల సంకలనాలు అచ్చయ్యాయి. అందుకే ఒకే వాక్యం వేర్వేరు జిల్లాల ఉంగరాల్లో, వేర్వేరు గుణింతాలతో కనిపిస్తుంది. బరువు సాధారణంగా రెండు మూడు గ్రాములు. గుచ్చి చెక్కిన గీతల్లో ఒకప్పుడు నింపిన ఎనామిల్ చుక్కలు ఇంకా అంటుకుని ఉంటాయి.

15వ శతాబ్దపు ఉంగరాల మీద సెయింట్ల బొమ్మలు గీయడం కూడా ఇంగ్లండులో బాగా సాగింది. రెండు చేతులు కలిపి పట్టుకున్న ఉంగరాలు పెళ్లివి. పేరులోని తొలి అక్షరమో, వర్తకపు గుర్తో తిరగేసి చెక్కిన ముద్దుటుంగరాలు సంతకానికి బదులు లక్క మీద అద్దేవి. నార్ఫోక్‌లోని పోస్ట్‌విక్ దగ్గర 1990ల చివర డిటెక్టరుకు తగిలిన చిన్న బంగారు బిళ్ల ఈ ముద్రల జాతిదే. ఉంగరంలో తిరిగేలా బిగించిన ఆ బిళ్లకు ఒకవైపు బాల్డెహిల్డిస్ అనే పేరు, రెండోవైపు స్త్రీపురుషుల జంట ఉన్నాయి. ఇంగ్లండు నుంచి బానిసగా వెళ్లి 7వ శతాబ్దంలో ఫ్రాంకుల రాణి అయిన బాల్థిల్డ్ పేరుతో అది సరిపోతుండడంతో పెద్ద కలకలమే రేపింది. ఇక 17, 18 శతాబ్దాల సంస్మరణ ఉంగరాలున్నాయి. చావు వార్తతో పాటు బంధుమిత్రులకు పంచిన వీటిపై నల్ల ఎనామిల్‌తో పుర్రె బొమ్మ, లోపల చనిపోయినవారి పొడి అక్షరాలు, తేదీ, వయసు ఉంటాయి. డైరీ రచయిత సామ్యుయేల్ పెపీస్ 1703లో పోయినప్పుడు వందకు పైగా ఉంగరాలు పంచారు.

ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే. కలిపి చూస్తేనే అసలు సంగతి. రోమన్ కాలపు వెండి, కంచు ఉంగరాల్లో 'TOT' అనే మూడు అక్షరాలున్న రకం ఒకటుంది. తూతాటిస్ అనే కెల్టిక్ దేవుడి పేరుకు అది పొట్టిరూపం. పదులకొద్దీ దొరికిన ఈ ఉంగరాల చోట్లను పటం మీద పెడితే చాలా వరకు లింకన్‌షైర్, దాని పరిసరాల్లోనే గుమిగూడాయి. అక్కడ ఉండిన కొరియెల్తావి తెగ ప్రజలు రోమన్ పాలనలోనూ తమ దేవుణ్ణి వదల్లేదన్నది అలా బయటపడింది. చోటు రాసి పెట్టకపోయి ఉంటే ఇవి కొన్ని తులాల వెండి, అంతే. దీనికి విరుద్ధంగా, 2009లో యార్క్‌కు దక్షిణాన ఎస్క్రిక్ దగ్గర దొరికిన నీలం పొదిగిన బంగారు ఉంగరానికి చుట్టూ మరే ఆనవాలూ లేదు. మొదట 10, 11 శతాబ్దాలదన్నారు. తరువాత నిపుణులు కూడి చర్చించి 5, 6 శతాబ్దాలదన్నారు. పనితనం ఒక్కటే ఆధారమైతే తేడా అయిదు వందల ఏళ్ల దాకా వస్తుంది.

చట్టాన్ని కాదన్నవాళ్లూ ఉన్నారు. 2015లో హియర్‌ఫర్డ్‌షైర్‌లో లెమ్‌స్టర్ దగ్గర ఇద్దరు డిటెక్టరిస్టులకు వైకింగుల నిధి దొరికింది. ఎనిమిది పలకల బంగారు ఉంగరం, బంగారు కంకణం, స్ఫటికపు పతకం, దాదాపు 300 నాణేలు అందులో ఉన్నాయని అంచనా. చెప్పకుండా విడివిడిగా అమ్మేశారు. నగలు, 30 నాణేలకు అటూ ఇటుగా మాత్రమే తిరిగి దొరికాయి. 2019లో కోర్టు ఒకరికి పదేళ్లు, మరొకరికి ఎనిమిదిన్నరేళ్లు శిక్ష వేసింది. అప్పీలులో కొంత తగ్గింది. దొరికిన కొద్ది నాణేల మీదే వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్, మెర్సియా రాజు కియోల్‌వుల్ఫ్ కలిసి నాణేలు వేయించిన ఆధారముంది. తరువాతి చరిత్రకారులు మెర్సియా రాజును వైకింగుల కీలుబొమ్మగా చిత్రించారు. ఆ మాటను సరిదిద్దగలిగిన నాణేలే చాలా వరకు చేతులు మారిపోయాయి.

ఇక మన సంగతికి వస్తే, బ్రిటిషువాళ్లు భారతదేశానికి తెచ్చిన నిధుల చట్టం 1878 నాటిది. నేలలో దాగి ఉన్న, పది రూపాయల విలువ దాటిన ఏ వస్తువైనా దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలంటుంది అది. సొంతదారు తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి ముప్పాతిక, భూమి యజమానికి పాతిక వంతు అన్న లెక్క కూడా అందులో ఉంది. కాగితం మీద అది ఇంగ్లండు పాత నియమం కంటే ఉదారమైనదే. కానీ తెలుగు నేలపై లంకెబిందెల ఆశతో పాడుబడ్డ గుళ్లనూ కోటలనూ తవ్వేవాళ్ల చేతుల్లోకి ఇప్పుడు డిటెక్టర్లు చేరాయి. దొరికినదాన్ని తూచి, చోటు రాసుకుని, పంపించే అధికారి జిల్లాలో లేకపోతే మిగిలేది కరిగించే కంసాలి కొలిమే.

ఇంగ్లండు చట్టంలోని 300 ఏళ్ల గీత ఏటా ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. 1997లో అది 1697 దగ్గర ఉండేది. అప్పుడు నిధి కాని 1720 నాటి సంస్మరణ ఉంగరం 2020లో నిధి అయింది. లోపల తేదీ ఉంటుంది కాబట్టి వాదనకు తావుండదు. 2023 జులై 30 నుంచి 200 ఏళ్లు దాటి, చరిత్రకు విశేషంగా పనికొచ్చే లోహ వస్తువులను కూడా చట్టం పరిధిలోకి తెచ్చారు. అయితే నిధిగా తేలిన ఉంగరాలన్నీ మ్యూజియాలకు చేరవు. పోజీ ఉంగరాలు, సాదా వెండి పట్టీలు ఇప్పటికే ఎన్నో ఉండడంతో, డబ్బులేని ఊరి మ్యూజియాలు చాలాసార్లు వద్దంటాయి. అప్పుడు ఉంగరం దొరికినవాడికో భూయజమానికో తిరిగి వెళ్తుంది. బరువు, వ్యాసం, బంగారం శాతం, ఫొటో, దొరికిన పొలం మాత్రం జాతీయ నమోదులో ఉంటాయి.